మెరీనర్స్ అభిమానిగా ఉండటమంటే
(సియాటెల్ తూర్పు శివార్లలోని తెలుగు కుటుంబాల నెలవారీ సమావేశంలో, 2026 జనవరిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 జట్లున్నాయి. వాటిలో 29 జట్లు ఎప్పుడో ఒకప్పుడు వరల్డ్ సిరీస్, అంటే ఆఖరి ఫైనల్, ఆడాయి. గెలిచినవి ఉన్నాయి, ఓడినవి ఉన్నాయి, కానీ అక్కడిదాకా వెళ్లొచ్చాయి. ఆ గడప ఇంతవరకూ తొక్కని జట్టు ఒక్కటే మిగిలింది. అది మన ఊరి జట్టు, సియాటెల్ మెరీనర్స్. 1977లో మొదలై ఇప్పటికి 49 సీజన్లు ఆడింది. నేను ఈ జట్టు అభిమానిని. ఈ దేశం వచ్చిన కొత్తలో పట్టుకున్నాను, ఇంకా వదల్లేదు.

ఈ నెల మాట్లాడే వంతు నాదని తెలిశాక, పెట్టుబడుల గురించో పిల్లల కాలేజీ అడ్మిషన్ల గురించో చెప్పమని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు. అవి చెప్పగలిగినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను ప్రేమించి, ఏళ్ల తరబడి వెంటబడి చూసింది ఇది. మీలో ఎక్కువమంది క్రికెట్ చూసి పెరిగినవాళ్లు. ఆఫీసువాళ్లతో ఒకసారి స్టేడియానికి వెళ్లి, తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఐదో ఇన్నింగ్స్‌కే లేచి వచ్చేశామని నాతో చెప్పినవాళ్లు కూడా ఈ హాల్లో ఉన్నారు. అందుకే రూల్స్ జోలికి పెద్దగా పోను. ఒక్క అంకె మాత్రం గుర్తుపెట్టుకోండి: 162.

ఒక్కో జట్టు ఒక సీజన్లో ఆడే మ్యాచ్‌లు 162. మార్చి ఆఖర్లో మొదలుపెట్టి సెప్టెంబర్ ఆఖరు దాకా దాదాపు రోజూ ఒక మ్యాచ్. అందులో సగం, అంటే 81, ఇక్కడ మన ఊళ్లోనే. 100 మ్యాచ్‌లు గెలిచిన జట్టును గొప్ప జట్టు అంటారు. అంటే ఆ గొప్ప జట్టు అభిమాని కూడా ఆరు నెలల్లో 62 రాత్రులు ఓడి పడుకుంటాడు. పది సార్లు బ్యాటింగ్‌కి వస్తే మూడు సార్లు హిట్ కొట్టేవాడు, అంటే బంతి కొట్టి ఔటవకుండా బేస్ చేరేవాడు, స్టార్. ఓటమిని ఇంత మామూలు చేసిన ఆట ఇంకోటి నాకు తెలీదు. ఇండియా పాకిస్తాన్ మ్యాచ్ ఓడిపోతే వారం పాటు అన్నం సహించని ఇంట్లోంచి వచ్చినవాణ్ని నేను. ఇక్కడ ఈ రాత్రి ఓడితే రేపు సాయంత్రం మళ్లీ మ్యాచ్ ఉంది. తిట్టుకోవడానికి కూడా ఒక్క పూటే టైం.

ఈ రోజూ ఉండటమే నన్ను పట్టేసింది. అప్పట్లో ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారిలో, 520 బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని కారులో రేడియో పెట్టేవాణ్ని. డేవ్ నీహాస్ అని ఒకాయన కామెంటరీ చెప్పేవారు. 1977లో జట్టు ఆడిన మొదటి మ్యాచ్ నుంచి 2010లో చనిపోయేదాకా ఈ జట్టు గొంతు ఆయనదే. ఆటలో సగం నాకు అర్థమయ్యేది కాదు. ఆ గొంతు మాత్రం, పక్క గదిలో ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే వినిపిస్తున్నట్టు ఉండేది. ఏం చెబుతున్నారో పట్టించుకోకపోయినా ఇంట్లో మనుషులున్నారన్న ధైర్యం. కొత్త దేశంలో, తెలిసినవాళ్లు లేని ఊళ్లో, ఆ ధైర్యం నాకు చాలా అవసరమైంది. బంతి స్టాండ్స్‌లో పడితే "మై ఓ మై!" అని ఆయన అరిచే అరుపు విని, ఏం జరిగిందో తెలియకుండానే నవ్వేవాణ్ని. జట్టు 14 పరుగులు వెనకబడ్డ రాత్రి కూడా ఆయన గొంతులో విసుగు ఉండేది కాదు. అవతలి జట్టు కుర్రాడు మంచి క్యాచ్ పడితే అంతే సంబరంగా చెప్పేవారు. అభిమానిగా ఎలా ఉండాలో నేను నేర్చుకుంది ఆయన దగ్గరే.

ఈ జట్టు కథ కొంచెం తెలిస్తే తప్ప మా బాధ మీకు అందదు. 1969లో సియాటెల్ పైలట్స్ అని ఒక జట్టు ఇక్కడ ఒకే ఒక్క సీజన్ ఆడి, దివాలా తీసి, మిల్వాకీకి తరలిపోయింది. దాని మీద కోర్టుకెక్కితే, ఆ కేసు ఫలితంగా వచ్చిన జట్టు మెరీనర్స్. మొదటి మ్యాచ్‌లో 7–0తో ఓడారు. తర్వాత వరుసగా 14 సీజన్లు, గెలిచినవాటి కన్నా ఓడినవే ఎక్కువ. 1991లో గానీ ఆ లెక్క మారలేదు. ఆడేది కింగ్‌డోమ్ అనే కాంక్రీటు గుమ్మటం కింద. 1994లో దాని సీలింగ్ పలకలు ఊడి పడితే, మ్యాచ్‌లన్నీ బయటి ఊళ్లలోనే ఆడాల్సి వచ్చింది.

1995లో నేనిక్కడ లేను. కానీ ఆ సంవత్సరం గురించి ఎన్నిసార్లు విన్నానో! మా ఆఫీసులో ఒక పెద్దాయన లంచ్ టేబుల్ మీద ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా బేసుల్లా పేర్చి చూపించేవాడు. ఆగస్టు మొదట్లో జట్టు మొదటి స్థానానికి 13 మ్యాచ్‌లు వెనకబడి ఉంది. కొత్త స్టేడియం కట్టకపోతే జట్టు ఊరు విడిచిపోతుందన్న భయం అందరిలోనూ ఉంది. సెప్టెంబర్ 19న స్టేడియం పన్ను మీద కింగ్ కౌంటీలో ఓటింగ్ పెడితే స్వల్ప తేడాతో ఓడిపోయింది. జట్టు మాత్రం ఆ నెలంతా గెలుస్తూ వచ్చింది. ఆఖరికి ముందున్న ఏంజెల్స్ జట్టుతో సమానమై, ఒక్క అదనపు మ్యాచ్ ఆడి, 9–1తో గెలిచి మొదటిసారి ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ తర్వాతి నాకౌట్ పోటీలకి, వెళ్లింది.

ఎదురుగా న్యూయార్క్ యాంకీస్. ఐదు మ్యాచ్‌ల సిరీస్‌లో మొదటి రెండూ పోయాయి. తర్వాతి రెండూ గెలిచారు. అక్టోబర్ 8న ఐదో మ్యాచ్, 11వ ఇన్నింగ్స్, 5–4తో వెనకబడి ఉన్నారు. జోయీ కోరా బంట్ చేసి, అంటే బంతిని మెల్లగా తాకించి, మొదటి బేస్‌కి చేరాడు. కెన్ గ్రిఫీ జూనియర్ సింగిల్ కొట్టాడు, కోరా మూడో బేస్‌కి వెళ్లాడు. అప్పుడు ఎడ్గర్ మార్టినెజ్ ఎడమ గీత పక్కనుంచి బంతిని లాగి కొట్టాడు. కోరా వచ్చేశాడు, స్కోరు సమం. మొదటి బేస్ దగ్గరున్న గ్రిఫీ ఆగలేదు. రెండో బేస్, మూడో బేస్ దాటి, జారుకుంటూ, పరుగు పూర్తయ్యే ఇంటి బేస్‌కి చేరాడు. 6–5. ఇక్కడ ఆ షాట్‌ని "ది డబుల్" అంటారు, కొట్టినవాడి పేరు అక్కర్లేదు. జట్టంతా మీద పడితే ఆ గుట్ట కింద గ్రిఫీ నవ్వుతున్న ఫోటో మీరు ఏదో ఒక పిజ్జా షాపు గోడ మీద చూసే ఉంటారు. ఆ నెలలోనే రాష్ట్ర శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై స్టేడియానికి డబ్బు మంజూరు చేసింది. మనం ఇప్పుడు టీ-మొబైల్ పార్క్ అంటున్నది అదే, 1999 జులైలో తెరిచారు. జనం ఓటుతో కాని పని ఆ సెప్టెంబర్, అక్టోబర్ ఆటతో అయింది.

ఆ తర్వాత జరిగింది వినండి. 1998లో ర్యాండీ జాన్సన్‌ని హ్యూస్టన్‌కి ఇచ్చేశారు. 2000లో గ్రిఫీ సిన్సినాటి వెళ్లిపోయాడు. ఆ ఏడాది చివర అలెక్స్ రోడ్రిగెజ్ 252 మిలియన్ డాలర్ల కాంట్రాక్టుకి టెక్సస్ వెళ్లాడు. ముగ్గురు మహామహులు మూడేళ్లలో పోయారు. ఇక అయిపోయిందనుకున్నారు అందరూ. 2001లో ఆ మిగిలిన జట్టు 116 మ్యాచ్‌లు గెలిచింది. 1906లో షికాగో కబ్స్ గెలిచినన్ని. అంతకంటే ఎక్కువ ఈ ఆట చరిత్రలో ఎవరూ గెలవలేదు. అదే ఏడాది జపాన్ నుంచి ఇచిరో సుజుకి వచ్చి, కొత్త ఆటగాడి అవార్డు, ఆ లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు రెండూ పట్టుకుపోయాడు. ఆ జట్టు కూడా వరల్డ్ సిరీస్‌కి వెళ్లలేదు. యాంకీస్ చేతిలో ఐదు మ్యాచ్‌ల్లోనే ఇంటిదారి పట్టింది. ఆ తర్వాత 21 ఏళ్లు ప్లేఆఫ్స్ ముఖమే చూడలేదు.

నేను అభిమానినైంది సరిగ్గా ఆ ఎండిపోయిన కాలంలో. గెలిచే జట్టును చూసి వెళ్లినవాణ్ని కాదు. ఇవాళ మీకు నేను ముఖ్యంగా చెప్పాలనుకుంటున్నది ఆ ఏళ్ల గురించే. బయటివాళ్లు ఆ కాలాన్ని "వృథా" అంటారు. నాకు ఈ ఆటలో దొరికిన అతి మంచి రోజుల్లో కొన్ని ఆ కాలంలోనివే.

2004 తీసుకోండి. జట్టు 63 గెలిచి 99 ఓడింది. అంత దరిద్రమైన సీజన్. కానీ ఇచిరో చాలా రాత్రులు రెండు, మూడు హిట్లు కొడుతున్నాడు. 1920లో జార్జ్ సిస్లర్ ఒక సీజన్లో 257 హిట్లు కొట్టాడు. 84 ఏళ్లుగా దాన్ని ఎవరూ దాటలేదు. అక్టోబర్ 1న, శుక్రవారం రాత్రి, పై అంతస్తులో నిలబడి చూశాను. మొదటి ఇన్నింగ్స్‌లో సమం చేశాడు. మూడో ఇన్నింగ్స్‌లో మళ్లీ వచ్చాడు. ప్రతిసారీ చేసేదే చేశాడు: కుడి చేత్తో బ్యాట్‌ని, బంతి వేసే పిచర్ వైపు నిటారుగా చాపి, ఎడమ చేత్తో భుజం దగ్గర చొక్కా కొంచెం పైకి లాక్కున్నాడు. బంతి మధ్యలోంచి దూసుకెళ్లింది. సింగిల్, అంతే. స్టాండ్స్‌లో పడే హోమ్ రన్ కూడా కాదు. జట్టంతా మొదటి బేస్ దగ్గరికి పరిగెత్తింది. బాణసంచా కాల్చారు. ఇచిరో స్టాండ్స్ దగ్గరికి నడిచి వెళ్లి, అక్కడ కూర్చున్న సిస్లర్ కూతురికి, వాళ్ల కుటుంబానికి చెయ్యి కలిపాడు. ఆఖరి స్థానంలో ఉన్న జట్టు మ్యాచ్‌కి వచ్చిన ఆ జనం ఎంతసేపు నిలబడి చప్పట్లు కొట్టారో! స్టాండింగ్స్ ఎవరికీ గుర్తులేవు. సీజన్ ముగిసేసరికి 262. ఆ రికార్డు ఇవాళ్టికీ చెక్కు చెదరలేదు.

రెండోది పిచర్ ఫెలిక్స్ హెర్నాండెజ్. వెనిజులా నుంచి కుర్రాడిగా వచ్చాడు, 19 ఏళ్లకే 2005లో మెరీనర్స్ తరఫున ఆడాడు, చివరిదాకా ఇంకో జట్టు తరఫున మేజర్ లీగ్‌లో ఒక్క బంతీ వేయలేదు. మేము అతన్ని కింగ్ అనేవాళ్లం. అతను వేసే రోజు ఎడమ మూలనున్న ఒక సెక్షన్ మొత్తం పసుపు టీషర్టులు వేసుకుని, చేతుల్లో స్ట్రైకౌట్‌కి గుర్తైన "కే" అట్టలు పట్టుకుని కూర్చునేది. దాని పేరు కింగ్స్ కోర్ట్. 2010లో ఆ జట్టు సీజన్ మొత్తంలో చేసిన పరుగులు 513. ఆ ఏడాది వేరే ఏ జట్టూ అంత తక్కువ చేయలేదు. ఫెలిక్స్ అద్భుతంగా వేస్తాడు, మనవాళ్లు ఒక్క పరుగు చెయ్యరు, 1–0తో ఓడతాడు. మళ్లీ ఐదు రోజులకి వచ్చి మళ్లీ అలాగే వేస్తాడు. ఒక్కసారి కూడా ఫీల్డర్ల మీద ముఖం చిట్లించింది చూడలేదు. ఆ ఏడాది 13 గెలిచి 12 ఓడినా, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఇచ్చారు. గెలుపోటములకి అతీతంగా ఆట చూడగలిగినవాళ్లు ఓటేశారు కాబట్టి దక్కింది.

2012 ఆగస్టు 15, బుధవారం మధ్యాహ్నం. మనవాళ్లంతా పొద్దున జెండా ఫోటోలు పంపుకుంటున్న రోజు. నేను ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పని చేస్తున్నాను. ఆరో ఇన్నింగ్స్ అయ్యేసరికి పని ఆగిపోయింది. పర్ఫెక్ట్ గేమ్ అంటే, అవతలి జట్టులో 27 మంది వరుసగా బ్యాటింగ్‌కి వచ్చి 27 మందీ ఔటవ్వాలి. హిట్ లేదు, వాక్ (చెడ్డ బంతుల వల్ల ఉచితంగా దొరికే బేస్) లేదు, ఫీల్డర్ తప్పు లేదు, ఒక్కడు కూడా మొదటి బేస్ తొక్కకూడదు. నూట ముప్పై ఏళ్ల పైబడిన మేజర్ లీగ్ చరిత్రలో అప్పటికి 22 సార్లే జరిగింది. ఫెలిక్స్‌కి మనవాళ్లు ఇచ్చింది మామూలుగానే ఒక్క పరుగు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఎవరో మీటింగ్ రూమ్ టీవీలో మ్యాచ్ పెట్టారు. బేస్‌బాల్ అంటే తెలియనివాళ్లు కూడా వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పర్ఫెక్ట్ గేమ్ నడుస్తున్నప్పుడు ఆ పేరు పలకకూడదని సెంటిమెంట్, మనం ఎవరైనా బయల్దేరుతుంటే ఎక్కడికని అడగనట్టే. ఆఖరి బ్యాటర్ మూడో స్ట్రైక్‌ని చూస్తూ నిలబడిపోయాడు. ఫెలిక్స్ రెండు చేతులూ ఆకాశానికెత్తాడు. మా పక్క సీటులో కూర్చునే చైనా అమ్మాయి నన్ను గట్టిగా పట్టుకుని ఎగిరింది.

ఆ ఫెలిక్స్ 15 సీజన్లు ఆడి ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఆడలేదు. 2019 సెప్టెంబర్ 26న ఇక్కడ ఆఖరిసారి వేసి, కన్నీళ్లతో వెళ్లాడు. వేరే జట్టుకి వెళ్లి ఉంటే వరల్డ్ సిరీస్ గెలిచినవాళ్ల ఉంగరం దక్కేదేమో. ఎందుకు ఉండిపోయాడని తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. మేము ఇచ్చింది చప్పట్లే. అతను ఇచ్చింది మొత్తం కెరీర్.

ఇక విసుగు సంగతి. ఓడిపోవడం వల్ల విసుగు రాదు, ఇందాకే చెప్పాను, ఓటమి రోజువారీ సంగతి. విసుగు తెప్పించేది, కాస్తలో పోవడం. 2023లో 88 గెలిచారు, ఒక్క మ్యాచ్ తేడాతో ప్లేఆఫ్స్ పోయాయి. 2024లో 85 గెలిచారు, మళ్లీ ఒక్క మ్యాచ్. 162లో ఒక్కటి! అలాంటి చలికాలంలో ఏం జరుగుతుందో తెలుసా? ఏప్రిల్‌లో ఒక మంగళవారం రాత్రి, ఎవరూ పట్టించుకోని మ్యాచ్‌లో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో జారవిడిచిన క్యాచ్ గుర్తొస్తుంది. మే నెలలో చేజార్చుకున్నది గుర్తొస్తుంది. డిసెంబర్‌లో నిద్ర పట్టక పడుకుని వాటిని ఒక్కొక్కటే తిరగేస్తుంటాం. పైగా 2023 సీజన్ ముగిశాక జట్టు వ్యవహారాలు చూసే పెద్ద ఒకరు మైకు ముందు కూర్చుని, పదేళ్ల కాలం మీద 54 శాతం మ్యాచ్‌లు గెలుస్తూ పోతే చాలు, ఎప్పుడో ఒకప్పుడు వరల్డ్ సిరీస్‌కి వెళ్తామన్న అర్థంలో మాట్లాడారు. లెక్క ప్రకారం ఆ మాట తప్పు కాకపోవచ్చు. కానీ సెలవు రోజున పిల్లల్ని తీసుకుని, పార్కింగ్‌కీ టికెట్లకీ తిండికీ వందల డాలర్లు పెట్టి వచ్చే కుటుంబానికి చెప్పాల్సిన మాటా అది? నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. అభిమాని చేతిలో ఏమీ ఉండదు. ఎవర్ని కొనాలో చెప్పలేడు, ఎవర్ని అమ్మొద్దో చెప్పలేడు. జట్టు యజమాని డబ్బు ఖర్చు పెట్టకపోతే అడిగే దిక్కు లేదు. ప్రేమ పూర్తిగా మనది, నిర్ణయాలు పూర్తిగా వేరేవాళ్లవి. ఈ ఆటలో అన్యాయం ఏదైనా ఉంటే అది ఇదే.

అయినా 2022 మాత్రం మనసు నింపింది. సెప్టెంబర్ 30 రాత్రి, స్కోరు 1–1, తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్, మూడు బాల్స్, రెండు స్ట్రైక్స్, ఇంకొక్క స్ట్రైక్ పడితే ఔట్. క్యాల్ రాలీ అనే క్యాచర్‌ని (మన వికెట్ కీపర్ లాంటివాడు) బ్యాటింగ్‌కి దింపారు. బంతి కుడి వైపు స్టాండ్స్‌లో పడింది. 21 ఏళ్ల కరువు ఒక్క దెబ్బతో తీరింది. వారం తర్వాత టొరంటోలో 8–1తో వెనకబడి 10–9తో గెలిచారు. ఆ తర్వాత అక్టోబర్ 15, శనివారం. మా అమ్మాయిని తీసుకుని స్టేడియానికి వెళ్లాను. 2001 తర్వాత మన ఊళ్లో మొదటి ప్లేఆఫ్ మ్యాచ్. మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలైంది. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాయి, 0–0. పన్నెండు అయ్యాయి, 0–0. ఏడో ఇన్నింగ్స్‌లో లేచి నిలబడి అందరూ కలిసి పాడతారు కదా, పద్నాలుగో ఇన్నింగ్స్‌లో మళ్లీ లేచి పాడాం. జనం అదృష్టం కోసం కాలి బూటు తీసి నెత్తి మీద పెట్టుకున్నారు. తాతలు, చంటిపిల్లల తల్లులు అందరూ. మా అమ్మాయి తన బూటు నా నెత్తిన కూడా పెట్టింది. మా ముందు వరుసలో ఒక ముసలావిడ సంచిలోంచి బిస్కెట్లు తీసి వరుసంతా పంచింది. రాత్రి ఏడు దాటాక, 18వ ఇన్నింగ్స్‌లో, హ్యూస్టన్ కుర్రాడు జెరమీ పేన్యా హోమ్ రన్ కొట్టాడు. 1–0. సీజన్ అయిపోయింది. ఎవరూ కదల్లేదు. తర్వాత నెమ్మదిగా లేచి, ఓడిన జట్టుకి చప్పట్లు కొట్టాం. రైలు స్టేషన్ దాకా నడుస్తుంటే ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. పరిచయం లేని మనిషి ఒకాయన మా అమ్మాయితో, "మంచి మ్యాచ్ చూశావమ్మా" అన్నాడు. నిజమే. అంతకన్నా మంచి మ్యాచ్ నేను చూడలేదు.

2025 మీ అందరికీ గుర్తుంది, కాబట్టి తొందరగా చెబుతాను. రాలీ 60 హోమ్ రన్స్ కొట్టాడు. మొత్తం మ్యాచ్ మోకాళ్ల మీద కూర్చుని బంతులు పట్టే క్యాచర్ 60 కొట్టడమంటే, అంతకుముందు క్యాచర్ల రికార్డు 48 అని గుర్తుంచుకుంటే అర్థమవుతుంది. 60వది కొట్టిన రాత్రే, 2001 తర్వాత మొదటిసారి, మనం డివిజన్ (లీగ్‌లో మన పశ్చిమ గ్రూపు) గెలిచాం. ప్లేఆఫ్స్‌లో డెట్రాయిట్‌తో ఐదో మ్యాచ్ 15 ఇన్నింగ్స్ సాగి, హోర్హే పొలాంకో కొట్టిన సింగిల్‌తో ముగిసింది. స్టేడియంలో చేప వేషాల పరుగు పందెం పెడతారు, అందులో హంపీ అనే చేప ఒక్కసారీ గెలిచిన పాపాన పోలేదు. ఆ రాత్రి హంపీ కూడా గెలిచింది. ఇక ఈసారి ఖాయం అనుకున్నాం. టొరంటోతో సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది.

అక్టోబర్ 20. దీపావళి. మా ఇంట్లో నాలుగు కుటుంబాలున్నాయి. వాకిట్లో దీపాలు పెట్టి, పూజ చేసుకుని, ప్లేట్లు పట్టుకుని అందరూ టీవీ ముందు చేరారు. హూలియో రోడ్రిగెజ్ హోమ్ రన్ కొట్టాడు, రాలీ కొట్టాడు, 3–1. ఏడో ఇన్నింగ్స్‌లో ఇంకా ఎనిమిది ఔట్లు చేస్తే వరల్డ్ సిరీస్. ఇద్దరు బేసుల మీదున్నారు. జార్జ్ స్ప్రింగర్ ఎడమ స్టాండ్స్‌లోకి కొట్టాడు. 4–3. ఆ తర్వాత ఒక్క పరుగు రాలేదు. కాలేజీలో ఉన్న మా అమ్మాయి ఫోన్ చేసింది. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడకుండా ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. మా పక్కింటి ఆయన ఈ ఊళ్లోనే పుట్టినవాడు, కింగ్‌డోమ్‌లో మ్యాచ్‌లు చూసి పెరిగినవాడు. తలుపు కొట్టి లోపలికొచ్చాడు. మా ఆవిడ ప్లేటులో బూరెలు పెట్టి ఇచ్చింది. తింటూ, 1995 గురించి మొదలుపెట్టాడు. ఉప్పు డబ్బా అడిగాడు. మా మిత్రుల పిల్లలు చుట్టూ చేరి, బేసులు ఎలా పేరుస్తున్నాడో చూశారు. ఇరవై ఏళ్లు ఇరుగుపొరుగున ఉన్నా, ఆయన మా ఇంట్లో అంతసేపు కూర్చున్నది అదే మొదటిసారి.

గెలిచే జట్టుకి మారిపోవచ్చు కదా అని కొందరు అడుగుతుంటారు. డాడ్జర్స్ ఉన్నారు, యాంకీస్ ఉన్నారు. మారొచ్చు, ఎవరూ ఆపరు. కానీ అప్పుడు ఇచిరో 258వ హిట్ నాది కాకుండా పోతుంది. ఫెలిక్స్ నావాడు కాకుండా పోతాడు. రేపెప్పుడో మెరీనర్స్ వరల్డ్ సిరీస్‌కి వెళ్తే, ఆ రాత్రి ఊరంతా రోడ్డు మీద ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లూ ఉంటారు, ఉండాలి కూడా, వాళ్లతో కలిసి ఎగురుతాం. కానీ పసుపు టీషర్టు వేసుకున్న ఒక ముసలాయన పక్కకి వెళ్లి ఏడుస్తుంటే ఎందుకేడుస్తున్నాడో నాకు చెప్పక్కర్లేదు.

పొలాంకో డిసెంబర్‌లో న్యూయార్క్ మెట్స్‌కి వెళ్లిపోయాడు. ఆ సింగిల్ కొట్టి రెండు నెలలే అయింది. మళ్లీ ఆ పాత బాధే. అయినా ఫిబ్రవరిలో అరిజోనాలోని పియోరియాలో పిచర్లు, క్యాచర్లు ప్రాక్టీసు మొదలుపెడతారు, రేడియోలో ఆ కబుర్లు మొదలవుతాయి.

చివరగా ఒక పని. వెనక బల్ల మీద స్కోరు కాగితాలు పెట్టాను. పిల్లలూ, ఇది మీకు. ఫీల్డ్‌లో ప్రతి స్థానానికీ ఒక నంబరు ఉంటుంది. పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, అక్కడి నుంచి వెనకున్న ముగ్గురూ 7, 8, 9. షార్ట్‌స్టాప్ బంతి పట్టి సెకండ్ బేస్‌కి వేసి, అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కి వెళ్లి ఇద్దరు ఔటైతే 6-4-3 అని రాస్తాం. స్ట్రైకౌట్‌కి కే. బ్యాట్ ఊపకుండా చూస్తూ ఔటైతే కే తిరగేసి రాస్తాం, ఫెలిక్స్ ఆఖరి బ్యాటర్‌లాగా. మూడు మ్యాచ్‌లు ఇలా రాస్తే చాలు, ఎక్కడా బోర్ కొట్టదు, ఐదో ఇన్నింగ్స్‌లో లేవాలనిపించదు. ఏప్రిల్‌లో ఒక మంగళవారం రాత్రి మ్యాచ్‌కి మనమంతా కలిసి వెళ్దాం. పై అంతస్తు టికెట్లు వారం మధ్యలో చవగ్గా దొరుకుతాయి. పై కప్పు మూసినా పక్కలు తెరిచే ఉంటాయి, చలి వేస్తుంది, మందపాటి జాకెట్లు తెచ్చుకోండి. పులిహోర లోపలికి తీసుకెళ్లొచ్చు, బయటి తిండి అనుమతిస్తారు. వచ్చేవాళ్లు కాగితాల పక్కనున్న పుస్తకంలో పేరు, ఎంతమందో రాయండి. కాగితం ఎలా నింపాలో ఇప్పుడే చూడాలనుకునేవాళ్లు బల్ల దగ్గరికి రండి, నేను అక్కడే ఉంటాను.